కుర్చీ ఎత్తు పెంచే అన్న

సోమవారం పొద్దున నా సీట్లో కూర్చుంటే తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అన్న ఇంకా రాలేదేమిటా అని సిస్టమ్స్ వాళ్ల నంబరుకు ఫోన్ చేశాను. అవతల వేరే గొంతు. "మేడం, మీకు తెల్వదా? అన్న నిన్న పొద్దుగాల పోయిండు. లింగంపల్లిల ఇంట్లనే. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందట" అన్నాడు. ఫోన్ పెట్టేసి తెర వైపే చూస్తూ కూర్చున్నాను. వెంటనే ఏడుపు రాలేదు.

మా ఫ్లోరు మొత్తానికీ ఆయన సిస్టమ్స్ అన్న, కంప్యూటర్లకు ఏమొచ్చినా ఆయనే చూసేవారు. యాభై దాటిన మనిషి, నడుముకు బెల్టు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

మాది హైటెక్ సిటీలో బీమా క్లెయిముల ఆఫీసు. ఆసుపత్రి బిల్లులు చూసి ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. నిజానికి మా బల్లల మీద ఉన్నవి పూర్తి కంప్యూటర్లు కావు. టిఫిన్ డబ్బాలాంటి చిన్న పెట్టె, దానికో తెర. థిన్ క్లయింట్లు అంటారు. పనంతా ఎక్కడో ఉన్న సర్వరులో జరుగుతుంది, మాకు దాని బొమ్మ మాత్రమే కనబడుతుంది. పొద్దున ఆన్ చేయగానే అందరి తెరలకూ ఒకే రిజల్యూషన్ ఆ సర్వరు నుంచే వచ్చేస్తుంది; అది ఎంత ఎక్కువైతే అక్షరాలు అంత చిన్నవి. కళ్లు బాగున్నవాళ్లకు అదొక విషయమే కాదు.

నా కళ్లు బాగాలేవు. కంటి వెనక పొర పల్చబడుతోందని డాక్టరు చెప్పి చాలా ఏళ్లయింది. అద్దాలు మార్చినా ఫలితం కొంతే. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా దగ్గర తప్పులు పెరిగితే ముందు హెచ్చరిక, తర్వాత ఇంటికి. మా ఆయన పని పోయినప్పటి నుంచి బాచుపల్లిలో మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఒక హెచ్చరిక అప్పటికే వచ్చింది. తెర మసకగా ఉందని అబద్ధం చెప్పి సిస్టమ్స్ వాళ్లను పిలిచాను.

అన్న వచ్చారు. ఆయన ఏ తెరనూ నిలబడి చూసేవారు కాదు. "జర లేవండి మేడం" అని కుర్చీలో కూర్చుని, కింద మీట నొక్కి, నడుం నొప్పెట్టనంత ఎత్తు పెంచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూశారు.

"తెర మంచిగనే ఉంది గదా. ఇప్పుడు మీరు చదవండి."

నేను కూర్చుని ముందుకు వంగాను. ఆయన తెర చూడలేదు, నన్ను చూశారు. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఎన్నేండ్ల సంది?"

"ఎవరికీ చెప్పకండి అన్నా" అన్నాను.

ఇంకేమీ అడగకుండా రిజల్యూషన్ తగ్గించారు. అక్షరాలు ఉబ్బాయి. వెనక్కి ఆనుకుని ఒక పేషెంటు పేరు చదవగలిగి ఎన్నాళ్లయిందో. కానీ ఇప్పుడు ఫారం మొత్తం తెరలో పట్టడం లేదు. కింద ఉండే సబ్మిట్ బటను తెర దాటి పోయింది, అది నొక్కితే గాని క్లెయిము లోపలికి వెళ్లదు. ఆయన ఫ్లాస్కులోని చాయ్ మూతలో పోసుకుని తాగుతూ కాసేపు ఆలోచించారు. చివరి గడి నింపాక, పక్కదానికి దూకించే ట్యాబ్ కీ రెండుసార్లు, ఆ తర్వాత ఎంటర్ కొట్టమన్నారు. "బటనే కనబడటం లేదన్నా" అన్నాను.

"కనబడకుంటే లేదని కాదు చెల్లె. కిందనే ఉంది. ఫికర్ చెయ్యకు, కొట్టు."

కొట్టాను. క్లెయిము వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నలుగురిలో మేడం, ఎవరూ లేనప్పుడు చెల్లె.

వెళ్తూ వెళ్తూ కుర్చీ దించలేదు. ఆ మీట బిగుసుకుపోయింది, నా చేతికి లొంగదు. కాళ్లు నేలకందక వేలాడుతుంటే "అన్నా, కుర్చీ" అని కేకేశాను. "అయ్యో, రేపటి సంది యాది పెట్టుకుంట" అని తిరిగొచ్చి దించారు. ఎన్నడూ యాది పెట్టుకోలేదు.

మర్నాడు పెట్టె ఆన్ చేస్తే మళ్లీ చీమలే. రోజూ ఈ బాధ ఎందుకని ఆయన సర్వరులోనే నా ఒక్క తెరకే మార్చబోయి, పొరపాటున మా టీమంతటికీ మార్చేశారు. ఆ పొద్దున ఎవరి తెర చూసినా బోర్డు మీద రాసినంత అక్షరాలు, ఎవరికీ సబ్మిట్ బటను లేదు. పని ఆగిపోయింది. టీమంతా గోల పెడుతుంటే నేనొక్కదాన్నే ట్యాబ్, ట్యాబ్, ఎంటర్ అని క్లెయిములు పంపుకుంటూ పోయాను. నవ్వు, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. మేనేజర్ మేడం అందరి ముందూ ఆయన్ని నిలదీశారు. "చెయ్యి జారింది మేడం" అన్నారు. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ తర్వాత సర్వరు జోలికి వెళ్లొద్దన్నారు. అందుకని రోజూ పొద్దున నా సీటు దగ్గరికొచ్చి చేత్తోనే మార్చేవారు.

సంతోషంగా వచ్చేవారని చెప్పను. సణుక్కుంటూ వచ్చేవారు. "లేస్తే రైలు, దిగితే ఆటో, వస్తే నీ తెర. యాష్టకొస్తుంది చెల్లె" అనేవారు. ఉపకారం చేస్తున్నట్టు ఎప్పుడూ మాట్లాడకపోవడం వల్లే ఆయన్ని పిలవడానికి నాకు మొహమాటం ఉండేది కాదు. ఆయన సెలవు పెట్టిన రోజు ముక్కు తెరకు ఆనించి పని చేసి, తలనొప్పితో బస్సెక్కేదాన్ని.

"మేనేజర్ మేడంకు చెప్పెయ్" అని ఎన్నిసార్లు అన్నారో.

"చెప్తే తీసేస్తారన్నా."

"నువ్వు కండ్లు దాచుడు, నేను చాటుగ దిద్దుడు. గిట్ల ఎన్నొద్దులు నడుస్తది? నేను రాని దినం నీ సంగతేంది?"

ఆ దినం వచ్చింది. సోమవారం సాయంత్రానికి నావి రెండు తప్పులు తేలాయి. ఆఫీసు నుంచి నేరుగా లింగంపల్లి వెళ్లాను. వదిన గోడకానుకుని కూర్చుని ఉన్నారు. ఆఫీసు నుంచి వచ్చానని ఎవరో చెబితే నా అద్దాల వైపు చూశారు.

"తెర పెద్దగ చేసేది నీకేనా?"

తలూపాను.

"పొద్దుగాల చాయ్ పోస్తే ఫ్లాస్కుల పోస్కొని ఉరుకుతుండె. ఆ పిల్ల ఎదురుచూస్తుంటది అంటుండె."

నలభై దాటిన నన్ను ఆ పిల్ల అన్నారట. అప్పుడు ఏడ్చాను. ఆమే నా భుజం పట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు మేనేజర్ మేడం గదికి వెళ్లి చెప్పేశాను.

"ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ?"

"సిస్టమ్స్ అన్న రోజూ వచ్చి పెద్దది చేసేవారండి."

ఆమె ఏదో గుర్తుకొచ్చినట్టు తలెత్తారు. "అందరి తెరలూ పెద్దవైపోయిన రోజు... అది మీ కోసమా?"

అవునన్నాను. ఆమె డాక్టరు చీటీ తెమ్మన్నారు. సర్వరు వాళ్లకు తనే రాశారు. ఉద్యోగం ఉంది. అంత భయపడిన మాట చెప్పడానికి ఒక పూట కూడా పట్టలేదు.

ఇప్పుడు పెట్టె ఆన్ చేయగానే అక్షరాలు వాటంతటవే పెద్దవిగా వస్తున్నాయి. నా సీటు దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. ఆయన వచ్చిన చివరి శుక్రవారం, తెర మార్చి లేస్తుండగానే ఆయన్ని ఎవరో పిలిచారు. "అన్నా, కుర్చీ" అన్నాను. "సోమవారం వచ్చి దించుత చెల్లె" అని ఫ్లాస్కు పట్టుకుని వెళ్లిపోయారు.

ఆయన చోట వచ్చిన కొత్తతను నిన్న చూసి, "కాళ్లు అందుతలేవు గదా మేడం, దించాల్నా?" అని అడిగాడు. ఉండనీ అన్నాను. చివరి గడి నింపి, ట్యాబ్ రెండుసార్లు కొట్టి, ఎంటర్ నొక్కాను. కింద కాళ్లు గాల్లోనే ఉన్నాయి.