పంపుకు కప్పిన శాలువా

మా కంపెనీ గనుల్లో ఊరే నీళ్ళు తోడే పంపులు అమ్మేది. గోదావరిఖనిలో దాని మనిషిని నేను. ఏడో తరగతిలోనే బడికీ నాకూ పడక విడిపోయాం. ఆ తర్వాత నేను చదివిందంతా ఇంజనీర్ల నాలుకలే. ఎవరికి తలకాయ కూర ఇష్టం, ఎవరికి శనివారం ఒక్కపొద్దు, ఎవరు బతిమాలితే తప్ప రెండో ముక్క వేయించుకోరు, అన్నీ నోటికొచ్చు.

తెలంగాణ వస్తదా రాదా అని ఊరంతా వాదించుకునే రోజుల్లో, మా కంపెనీలోకి విదేశీ వాటా వచ్చింది. దాని వెంట ఒక రూల్స్ సారు కూడా వచ్చాడు. కోస్తా కుర్రాడు. మా ఎండకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి, ఆయన మాత్రం టై విప్పడు.

"చూడండి, మన దగ్గర కొనేది ప్రభుత్వ సంస్థ. వాళ్ళకు భోజనం పెట్టొచ్చు. కానీ పనున్న రోజే పెట్టాలి, పని జరిగే చోటే పెట్టాలి, సాదాగా ఉండాలి, చాటుమాటుగా కాకుండా నలుగురికీ కనపడాలి. వెళ్ళేటప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండకూడదు."

"స్వీటు డబ్బా సార్?"

"వద్దు."

"పాన్?"

వేళ్ళ మీద రూల్సు లెక్కపెట్టుకున్నాడు. "నోట్లో వేసుకుని వెళ్తే పర్లేదండి. చేతిలో మాత్రం ఒక్క గిఫ్టు కనపడినా మీ ఉద్యోగం నేను కాపాడలేను."

నాకు నవ్వు ఆగిపోయింది. ఆ నౌకరీ పోతే బొగ్గుబాయిలో చేరే వయసు కూడా దాటినవాణ్ణి.

కొత్త పంపు చూడటానికి రావలసింది బొగ్గుగనుల పెద్దింజనీరు. అమ్మేవాళ్ళ దగ్గర చాయ్ కూడా ముట్టని మనిషి. మంచినీళ్ళ సీసా కూడా వెంట తెచ్చుకుంటాడు.

"నీ అన్నం తిని నా మీద ఎంక్వైరీ తెచ్చుకోమంటవా?" అన్నాడు.

"మీ ఆఫీసుకు ముందే చెప్పినం సార్. మీ పైసారు కూడ సరేనన్నడు. సాదా భోజనమే."

"కూర ఏంది?"

"సాదా మటన్ సార్."

"మటన్ల సాదా ఏందయ్యా?"

"బొక్కలెక్కువ ఉంటయి సార్."

ఆయన నవ్వాడు. నవ్విన మనిషి వస్తాడని నాకు తెలుసు.

నలుగురికీ కనపడాలన్నారు కదా అని, రోడ్డు పక్కనున్న మా యార్డులోనే షామియానా వేయించాను. చుట్టూ ఒక్క గుడ్డ కూడా కట్టనివ్వలేదు. పొద్దున పంపు బాగా నడిచింది. మధ్యాహ్నం పెద్దింజనీరును నడిమి కుర్చీలో కూర్చోబెట్టి వడ్డించాం. సరిగ్గా అప్పుడే మొదటి షిఫ్టు విడిచింది.

షామియానా, మటన్ వాసన, నడిమి కుర్చీలో ఆఫీసరు. మా బొగ్గుగనుల దగ్గర ఈ మూడూ ఒక్కచోట కనపడితే దానికి ఒకటే అర్థం: రిటైర్మెంటు దావత్. దానికి ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవలేదని అలిగేవాళ్ళుండరు. పోలేదని మాత్రం జిందగీ అంతా దెప్పుతారు. ఇద్దరు కార్మికులు రోడ్డు మీద ఆగి, తొంగిచూసి, గబగబా వెళ్ళిపోయారు. పీడ పోయిందనుకున్నాను. పది ముద్దలు తినేలోగా చౌరస్తా నుంచి గుంపును వెంటేసుకుని, దండతో, శాలువాతో వచ్చేశారు.

వద్దనడానికి పెద్దింజనీరు నోట్లో మటన్ ఎముక ఉంది. దండ పడింది. శాలువా పడింది. ముందున్న ముసలి కాక కళ్ళు తుడుచుకున్నాడు. "మా కష్టం తెల్సిన సారు దిగిపోతుండు."

రూల్స్ సారు విస్తరి ముందు నుంచి లేచాడు. "ఇదేంటండీ? గిఫ్టు ఎవరిచ్చారు?"

"మనం ఇయ్యలే సార్!"

"మన షామియానాలోనేగా ఇచ్చింది!"

నా నౌకరీ ఆ శాలువా అంచున వేలాడుతున్నట్టనిపించింది. ఇంతలో పెద్దింజనీరు బొక్క తీసేసి అరిచాడు, "నాకింక నాలుగేండ్ల సర్వీసున్నది!"

కాక కళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

"మరి ముందుగాల చెప్పొద్దా సారూ?" అన్నాడు కాక. "ఏడ్సినంక చెప్తవా?"

"శాలువ తీస్కపో కాకా, నీకు దండం పెడ్త."

"కప్పిన శాలువ ఇంటికి తీస్కపోతె మా ముసల్ది గడప తొక్కనిస్తదా?" అంటూ కాక ఇంకో భుజం కోసం వెతికాడు. టై ఉన్న భుజమే దొరికింది.

"అయ్యో, కొనేవాళ్ళ దగ్గర నేనేం తీసుకోకూడదండీ!"

"ఉంచుకో బిడ్డా, చలికాలం పనికొస్తది."

శాలువాలో చెమటలు కక్కుతూ రూల్స్ సారు నావైపు చూశాడు. "ఇప్పుడేం చెయ్యాలండీ?"

"పొద్దటిసంది అందరికన్న ఎక్కువ కష్టపడ్డది పంపు సార్. ఒక్క బుక్క గూడ తినలే. దానికి కప్పుదాం."

కప్పాం. దండ కూడా వేశాం. కొత్త మిషనుకు చేసినట్టే కాక కొబ్బరికాయ కొట్టి, "ఇగ ఇది రిటైర్ కావద్దు" అని దీవించాడు. వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి విస్తర్లు వేయించాను.

"వీళ్ళకూ పెడుతున్నారా?" అన్నాడు రూల్స్ సారు.

"నలుగురికి కనపడాలన్నరు గద సార్. కనపడ్డంక పెట్టకుంటె ఎట్ల?"

దావత్ అయ్యాక రూల్స్ సారు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతులు చూసి పంపాడు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. అందరివీ ఖాళీ చేతులే. చివర్లో పెద్దింజనీరు రెండు అరచేతులూ చాపాడు, చంకలో సీసా ఎత్తి ఇది నాదేనని సైగ చేశాడు. బుగ్గ మాత్రం ఉబ్బి ఉంది.

"ఏంటండీ అది?"

పెద్దింజనీరు నోరు తెరిచి పాన్ చూపించాడు.

రూల్స్ సారు టై వదులు చేసుకుని, "మీరు పదండి సార్" అన్నాడు. ఆయన అటు తిరగగానే, "నాకూ ఒకటి ఉందాండీ?" అని నా చెవిలో అడిగాడు.