నా కూతురి పేరు లేని లిస్టు

ఈ రోజు సాయంత్రం చింతామణి గ్రౌండులో, జిల్లా పోటీలకు వెళ్లే మా బాస్కెట్‌బాల్ అమ్మాయిల పేర్లు చదివాను. ఆ పన్నెండు పేర్లలో నా కూతురిది లేదు. దానికంటే బాగా ఆడేవాళ్లు పన్నెండు మంది ఉన్నారు, కోచ్‌గా నాకు వేరే దారి లేకపోయింది. అందరితో పాటు అదీ చప్పట్లు కొట్టింది.

బండి మీద ఇంటికొస్తూ, "బాగానే ఆడినావమ్మా. ఇంకా కొంచెం నేర్చుకోవల్ల, అంతే," అన్నాను.

గడపలోనే వాళ్లమ్మ ఆత్రంగా, "ఏం పాపా, టీములో ఉండావా?" అంది.

"సార్‌ని అడుగమ్మా," అని లోపలికి వెళ్లిపోయింది.

గ్రౌండులో సార్ అనమని ఎన్నిసార్లు చెప్పినా 'నాయనా' అనే పిలిచేది. ఈ రోజు ఇంట్లోనే సార్‌నయ్యాను.

సొంత పిల్లలకు ఆట నేర్పేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇప్పుడు అన్నానికి దాన్ని ఏమని పిలవను?