కౌజు కూత

నిన్న ఫారెస్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. జమ్మలమడుగు పార్కుకు మా బావ పేరు పెడుతున్నారట, ఆ సభకు షామియానా నేనే వేయాలట. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా పెళ్లికీ చావుకీ షామియానాలు వేస్తున్నవాణ్ని. సరేనన్నాను.

బావంటే మా అక్క మొగుడు, పులివెందుల మనిషి. ఆ పార్కులో జీవశాస్త్రవేత్తగా చేరి అక్కడే రిటైరయ్యాడు. పూలమొక్కలు పెట్టమని పైవాళ్లు మొత్తుకున్నా వినకుండా, ఈ గరుసునేలలో పుట్టినవే కావాలని కలివి, బలుసు, పరికి కంపలు పెంచాడు. "ఊరోళ్ల పార్కుల్లో మల్లెలుంటాయి, మీ బావ పార్కులో ముండ్లుండాయి" అని మా అక్క చిరిగిన చీరకొంగు చూపించి నవ్వేది. ఆ ముళ్ల కింద కౌజుపిట్టలు గుడ్లు పెట్టేవి. తెల్లారితే చాలు, బావ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అచ్చం కౌజులాగే కూసేవాడు. పొదల్లోంచి అవి బదులు పలికేవి. ఎటువైపు ఎన్ని గొంతులు పలికాయో నోటుబుక్కులో రాసుకుని గాని కాఫీ ముట్టేవాడు కాదు.

ఆయన రిటైర్మెంట్ సభ పార్కులోనే ఘనంగా చేయాలని నాకు బుద్ధి పుట్టింది. ముందురోజు ఆయన పెన్షన్ కాగితాల పనిమీద కడపకు పోయాడు. వచ్చేసరికి ముచ్చటపడాలని జేసీబీ పిలిపించి, గేటు పక్క కంపంతా చదును చేయించి, ఎర్ర తివాచీ పరిపించాను. సాయంత్రం బావ వచ్చి అలాగే నిలబడిపోయాడు.

"యాడబోయినాయప్పా పొదలు?"

"షామియానాకు అడ్డమొస్తాంటే తీపిచ్చినా బావా. శానా నీటుగా ఉండాది సూడు" అన్నాను, మెచ్చుకుంటాడని.

"ఆడ గుడ్లుండె" అన్నాడు. అంతే.

మరునాడు మెళ్లో దండతో కూర్చున్నాడు. మాట్లాడిన ప్రతివాడూ పార్కును ఎంత శుభ్రంగా ఉంచాడో అని పొగిడాడు. అది నా నిర్వాకమని బావ ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. ఛీ, నలుగురిలో నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే పోయి కూసేవాడు. ఒక్కటీ పలకలేదు. పోయినేడు ఆయనా పోయాడు. కానీ ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా షామియానా గుంజ కోసం గడ్డపార ఎత్తితే నాకు ఆ కూత వినబడుతుంది. అది పిట్టది కాదు, బావ గొంతు. నాకు భయమేస్తుంది. పక్కవాళ్లనడిగితే ఏమీ వినలేదంటారు.

ఇవాళ కొలతలకని పార్కుకు పోయాను. ఆ చదునులో మోకాలెత్తున కలివి మొక్కలున్నాయి. రిటైరయ్యాక బావ నాటినవి, గుంతలు తవ్వింది నేను. "ఇవి పీకేస్తే షామియానా సరిపోతాది కదప్పా" అన్నాడు అక్కడి ఆఫీసరు.

"రోడ్డు మీద ఏస్తా సార్. లోపల గుంజ దించను" అని వచ్చేశాను.

ఆ మొక్కలు కౌజు దాగేంత గుబురు కావడానికి ఇంకా ఎన్నేళ్లో పడుతుంది. అప్పటికి నేనుండను. తానూ ఉండనని తెలిసే నాటాడు బావ.