కన్నియమ్మ వాకిట్లో శాసనం

ఆదికేశవులు నాయుడికి పెళ్లెందుకు కాలేదో సౌకార్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఇరవై ఎనిమిదో ఏట పొన్నేరి దగ్గర ఒక పల్లెకు పిల్లను చూడబోయాడు మహానుభావుడు. పిల్ల కాఫీ పట్టుకొచ్చి నిలబడేసరికి, ఆ ఊరి గుడి గడపరాతి మీద ఏదో పాత రాత ఉందన్న మాట చెవిన పడింది. అంతే, లేచి వెళ్లాడు. సాయంత్రం మోకాళ్ల నిండా మట్టితో తిరిగొచ్చాడు. పిల్ల తండ్రి దండం పెట్టి బండెక్కించాడు.

సంస్కృత పుస్తకాలు అచ్చేసే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన కొలువు. అసలు పని మాత్రం గది గోడ మీద ఉండేది. ఇతిహాసంలో రాజకుమారులు తీర్థయాత్ర చేసే ఘట్టం ఒకటుంది. నదులు, కొండలు, స్నానఘట్టాలు వరసగా వస్తాయి. వాటిలో ప్రతి చోటూ ఈనాడు ఎక్కడుందో పటం మీద పెట్టాలని ఆయన పంతం. శాసనం సాక్ష్యం పలికితేనే చుక్క, లేకపోతే లేదు. ఆదివారమొస్తే కాగితపు చుట్ట, బ్రష్షు, సిరాబుడ్డి సంచిలో వేసుకుని రైలెక్కేవాడు. తడిపిన కాగితం రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది, అక్షరాలు ఎత్తుకొచ్చేవాడు. అలా ఇరవై రెండేళ్లు!

వినే దిక్కెవరు? మనిషి చిక్కితే చాలు నదుల పేర్లు ఎత్తుకుంటాడని, ఆయన ఎదురొస్తే జనం పక్క సందు పట్టేవాళ్లు. ఆ గది మెట్లు ఎక్కిన నరపురుగు లేదు. వంట చేసుకుంటూ తనకు తానే చెప్పుకునేవాడు, పెన్న నుంచి పాలారు దాకా. అడిగితే ‘నాకేం లోటు’ అనేవాడు గానీ, మెట్ల మీద పిల్లి కదిలినా తలుపు తీసి చూసేవాడు.

దక్షిణ తీరంలో ఒక్క చోటు మిగిలిపోయింది, శుక్తివనం. సముద్రపు ఒడ్డునే ఉందంటుంది శ్లోకం, శాసనం మాత్రం దొరకదు. 1952 చివర్లో అది దొరికింది. తిరువొత్తియూరు గుడి చూసుకుని ఎప్పటిలాగే జాలరిపాలెం మీదుగా వస్తుంటే, కన్నియమ్మ అనే ఆమె గుడిసె ముందు బట్టలుతికే బండ కనబడింది. పైముఖం అరిగిపోతే ఆ మధ్యే తిరగేశారట. నాలుగు వరసల పాత తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. మూడో వరసలో శుక్తివనం పేరు. ఆదికేశవులు ఇసుకలో చతికిలబడి భోరున ఏడ్చాడు. కన్నియమ్మ ఎండదెబ్బనుకుని మజ్జిగ ఇచ్చింది.

మదరాసు తెలుగువాళ్లదా, అరవవాళ్లదా అని ఊరు రగులుతున్న రోజులవి. తెలుగు సంఘం కార్యదర్శి వరదయ్యకు ఈ సంగతి తెలిసింది. ఇంకేముంది, పదిమందిని వెంటేసుకుని మెట్లెక్కి వచ్చాడు. ‘ఇంతకన్నా రుజువేం కావాలన్నా! మైలాపూరులో ఆదివారం సభ. నువ్వే మాట్లాడాల,’ అన్నాడు. ఆదికేశవులు కింద కాఫీ హోటల్లో గ్లాసులు అరువు తెచ్చి అందరికీ కాఫీ పోశాడు. పటం ముందు నిలబడి ఒక్కో చుక్కా చూపిస్తే పదిమందీ ‘ఆహా’ అన్నారు. ఆ వారమంతా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. యాభై దాటిన మనిషి కొత్త పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

శుక్రవారం బండ మీది చివరి వరస ఇంకోసారి అచ్చు తీసుకుందామని తిరువొత్తియూరు వెళ్లాడు.

‘ఈ బండకు ఇంత మర్యాదా సామీ?’ అని నవ్వింది కన్నియమ్మ. ‘మా మామ నెల్లూరు పక్క నించి కాలవ పడవలో తెచ్చి పడేసినాడు దీన్ని.’

‘ఈడిది కాదా?’

‘ఈడ రాయి యాడుంది సామీ, అంతా ఇసకే గదా! ఉతకను బండ లేదని మా అత్త ఒకటే పోరంట. మామ అప్పట్లో కట్టెల పడవ నడిపేవాడు. యాడనో పాడుబడిన గుడికాడ పడుంటే ఎత్తుకోనొచ్చినాడు. రొంబ బరువని తిట్టుకుంటానే దించినాడంట.’

ఆదికేశవులు విప్పిన కాగితపు చుట్ట మళ్లీ చుట్టేశాడు. ఇంకో ప్రశ్న అడగకుండానే సంచి తీసుకుని వచ్చేశాడు. ఎంత చదివి ఏం లాభం! రాయి ఎక్కడుంటే అక్కడే పుట్టిందనుకున్నాడు. ఇసుకతిన్నె మీదికి ఇంత బండ ఎలా వచ్చిందని పసిబిడ్డయినా అడుగుతుంది.

తిన్నగా వరదయ్య దగ్గరికి వెళ్లి చెప్పాడు. వరదయ్య నింపాదిగా విన్నాడు.

‘ముసిలామె మాటకు సాక్ష్యముందా? రాయి ఈడుంది, రాత తెలుగు. ఆదివారం చదివేసెయ్. తప్పొప్పులు తరవాత చూసుకుందాం.’

‘తప్పు ప్రూఫులోనే దిద్దాల వరదయ్యా. అచ్చయినాక దిద్దలేం.’

‘నీ ఇష్టం. మల్లా నీ మెట్లు ఎవురూ ఎక్కరు, చూసుకో అన్నా.’

శనివారమంతా ఆ మాటే చెవుల్లో తిరిగింది. అబద్ధమాడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటే మనుషులొస్తారు, వింటారు. ఆయనకు కావలసింది అంతకుమించి ఏముంది గనక? అన్నం వండుకుని తినకుండానే మూతపెట్టాడు.

ఆదివారం సభలో లేచి, బల్ల పట్టుకుని, రాయి ఇక్కడిది కాదని, పడవలో వచ్చిందని, పొరపాటు తనదేనని చెప్పి కూర్చున్నాడు. ఎవరైనా తిట్టినా బాగుండేది. అధ్యక్షుడు దగ్గి తరువాతి వక్తను పిలిచాడు. ఈయన కోసం తెచ్చిన దండ ఆ వక్త మెడలో పడింది. సభ అయ్యాక ఆయన కుర్చీ దగ్గరికి ఒక్కరూ రాలేదు. సోమవారం మెట్ల మీద అలికిడి లేదు, ఆ తరువాతా లేదు.

అయినా ఒక్క ఆశ మిగిలింది. బండను ఏ రేవులో ఎత్తారో తెలిస్తే, శుక్తివనం అక్కడ దొరుకుతుంది. మరుసటి ఆదివారం కన్నియమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

‘ఏ గుడి కాడమ్మా ఎత్తింది? ఏ రేవు?’

‘నేను కోడలుగా రాకముందు మాట సామీ. నాకేం తెలుసు? మామకే తెలుసు, ఆయన పోయినాడు.’

‘ఆయన పోయి ఎన్నేండ్లాయె?’

‘ఏండ్లా? మొన్న చిత్తిర నెల్లోనే గదా పోయె. ఎనబై దాటినా తెలివి కత్తి. కాలవ పొడుగూతా ఏ రేవు, ఏ గుడి, వరసగా చెప్తావుండె. వినేవాళ్లే లేరు. మా పిల్లోళ్లు ఆయన నోరు తెరిస్తే లేచిపోయేవాళ్లు.’

ఆదికేశవులు గుడి దారి వైపు చూశాడు. చిత్తిర నెలకు ముందు ఆయన ఈ దారిన ఎన్నిసార్లు నడిచాడు!

‘నీ మాట గూడ అనేవాడు సామీ. నువ్వు కాగితాల చుట్ట చంకన పెట్టుకోని గుడికి పోతావుంటివే, చూసి, ఆ అయ్య రాళ్లు చదువుతాడంట, నాతో మాట్లాడతాడేమో అనేవాడు. ఒక తూరి పిలిచినాడు గూడ. నువ్వు పలక్కుండానే పోతివి.’

ఆయన ఎంత తలుచుకున్నా ఆ పిలుపు గుర్తు రాలేదు.

‘ఏమని పిలిచినాడమ్మా?’

‘ఏముంది సామీ, ఊరికే... రా నాయనా, కూసో, అన్నాడు.’