ఉయ్యూరు దాటని మరియదాసు

గత మంగళవారం ఉదయం గుణదలలోని తన ఇంట్లో మరియదాసు కన్నుమూశాడు. గుండెపోటు. పత్రికాఫీసులో మరణవార్తలు దిద్దుతూ బతికినవాణ్ణి నేను. అయినా ఆ రోజు ఫోన్లో విన్న ఒక్క వాక్యాన్ని రెండోసారి చెప్పించుకుంటే గాని అర్థం కాలేదు.

మేం వెళ్లేసరికి అతన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. వెనక గదిలో అతని కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటి ఫ్యాన్ల హోరు ప్రార్థనకు అడ్డం వస్తోందని ఎవరో "ఆపేద్దామాండీ?" అన్నారు. పామర్రు నుంచి అప్పుడే వచ్చి కూర్చున్న అతని భార్య మార్త తలెత్తింది.

"వద్దండీ. ఏది ఆపితే ఏమవుద్దో ఆయనకే తెలుసు" అంది. ఆ గదిలోకి వెళ్లడానికి మరెవరూ సాహసించలేదు.

మరియదాసు నాకు బావమరిది, మా ఆవిడకు తమ్ముడు. అతని వృత్తి ఏమిటో మా బంధువుల్లో చాలామందికి చివరిదాకా తెలియలేదు. కంప్యూటరు తెరమీద మనం చూసే బొమ్మను తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. దానిచేత పని చేయించే ప్రోగ్రాము డ్రైవరు. ఆ డ్రైవరు సరిగా ఉందో లేదో తేల్చడానికి ఎన్నో పరీక్షలు నడుపుతారు. పరీక్షకు ముందు, ఎదురుగా ఉన్నది ఏ రకం కార్డో గుర్తుపట్టాలి. ఆ గుర్తుపట్టే భాగానికి మరియదాసు బాధ్యుడు. దాన్ని మొదట రాసింది అతను కాదు. ఎవరెవరో రాసి, ఎవరి దారిన వారు వెళ్లిపోయాక అతని చేతికి వచ్చింది. కొత్త కార్డు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తొందరలో ఒక అతుకు వేసి పోయారు. ఆ అతుకులన్నీ విప్పి ఒకే పద్ధతిలోకి తేవాలన్నది అతని సంకల్పం. అది పూర్తయితే మరెవరైనా చూసుకోగలరు, తాను వదిలేసి పామర్రు వెళ్లిపోవచ్చు. అక్కడి హైస్కూల్లో మార్త టీచరు. బదిలీ అయినప్పటినుంచీ ఆమె ఒక ఇంట్లో, అతను ఒక ఇంట్లో.

ఆ పని చేపట్టిన తొలి రోజుల్లో ఒక పొరపాటు చేశాడు. దాదాపు ఒకే పేరున్న రెండు కార్డులను ఒకే రకమనుకుని కలిపేశాడు. దాంతో వాటిలో ఒకదాన్ని ప్రోగ్రాము గుర్తుపట్టడం మానేసింది. గుర్తుపట్టని కార్డుమీద పరీక్ష జరగదు. ప్రోగ్రాము 'దాటవేశాం' అని రాసుకుని ముందుకు పోతుంది. తప్పు జరిగినట్టు ఎక్కడా ఎర్ర గుర్తు పడలేదు. అంతా బాగుందనుకున్నారు. ఎక్కడెక్కడో జనం ఇళ్లలో తెరలు నల్లబడ్డాక సంగతి బయటపడింది. అందుకు అతను చాలా రోజులు కుమిలిపోయాడు. పరీక్షే జరగనప్పుడు తప్పేముందని ఓదార్చబోయాను.

"మీ ప్రూఫ్ రీడరు సెలవు పెట్టిన రోజున పేపర్లో తప్పుల్లేవంటారా బావగారూ?"

"లేవనే అంటాం, పాఠకుడు ఉత్తరం రాసేదాకా."

నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఎరుపు కనపడితే నాకు ధైర్యమండీ. ఏమీ లేదంటేనే భయం" అన్నాడు. తరవాత ఈ మాట అతని నోట చాలాసార్లు విన్నాను.

అప్పటినుంచి ఏ పాత అతుకు తీయాలన్నా, ఆ కార్డును ఎక్కడినుంచో సంపాదించి, బిగించి, స్వయంగా చూస్తే గాని తీసేవాడు కాదు. ఎవరూ వాడని కార్డులతో వెనక గది నిండిపోయింది. ఒక అతుకు విప్పేలోగా మరో కొత్త కార్డు బజారులోకి వచ్చేది. "ఇంట్లో చీపురు పట్టిన పాపాన పోలేదు. అక్కడ మాత్రం ఏళ్ల తరబడి ఊడుస్తానే ఉన్నారు" అని మార్త దెప్పేది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అతను పామర్రు బస్సెక్కేవాడు. ఉయ్యూరు చేరేసరికి ఫోను మోగేది. ఫలానా చోట ప్రోగ్రాము పరీక్షలన్నిటినీ దాటవేస్తోందని కబురు. అక్కడే దిగి, రోడ్డు దాటి, తిరుగు బస్సు ఎక్కేవాడు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో, మార్త ఒకరోజు మాకు ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, చేపల పులుసు చేసి కూర్చున్నాను. మీ బావమరిది ఉయ్యూరు దాటట్లేదు. ఆ ఊళ్లోనే ఓ గది తీసుకోమని చెప్పండి. సగం దారైనా కలిసొస్తుంది."

నేను కోప్పడ్డాను. "వదిలేస్తే ఏమవుతుంది దాసూ?" అన్నాను.

"ఏమీ కాదండీ. అదే కదా ఇబ్బంది. ఏమీ కానట్టే ఉంటుంది."

అప్పగించడానికి మనుషుల కోసం వెతకలేదని కాదు. ఒకాయన వచ్చి కొద్దికాలం ఉండి, ఈ పని ఎంత చేసినా పైవాళ్లకు కనపడదని వేరే విభాగానికి వెళ్లిపోయాడు. ఆ మాటలో అబద్ధం లేదని మరియదాసే ఒప్పుకున్నాడు. వెళ్లినాయన మీద ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఈ వేసవి సెలవులు అయ్యేలోగా ఆ అతుకులు విప్పే పని ముగిస్తానని మార్తకు మాట ఇచ్చాడు. ఆమె పామర్రు ఇంట్లో అతని బల్లకు చోటు చేసి, కిటికీకి తెర కూడా కుట్టించింది.

పట్టుదల చాలామందిలో చూశాను. తన పని మరొకరికి సులువు కావాలన్న పట్టుదల ఇతనిలోనే చూశాను. ఆ నిజాయితీయే అతన్ని ఆ గదిలో బంధించింది. అలాంటి మనిషి మా కుటుంబంలో మళ్లీ పుడతాడనుకోను. అతని స్మృతికి నమస్కరిస్తున్నాను.

శుక్రవారం అతని సహోద్యోగి ఒకాయన పరామర్శకు నాకు ఫోను చేశాడు. "సార్, ఆయన మొదలుపెట్టిన మార్పు సగంలో ఉందండీ. పాత పద్ధతీ నడుస్తోంది, కొత్తదీ నడుస్తోంది."

"మీరు పూర్తి చేయండి మరి."

"ఆ భాగంలో ఏది మార్చాలన్నా దాని బాధ్యుడు సరే అనాలండీ. అక్కడ మరియదాసు గారి పేరే ఉంది."

"ముందు ఆ పేరు మార్చండి."

"అదీ ఆ భాగంలోదేనండీ" అన్నాడు.

దానికి ఎవరు సరే అనాలో పైవాళ్లను అడిగారట. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు.