మూడో చీటీ

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా ఒక రికార్డు గొంతు వస్తుంది, "దయచేసి లైన్లో వేచి ఉండండి" అని. ఆ మాట వింటే వేడెక్కిన హెడ్‌ఫోను వాసన తగిలినట్టై, సుభద్రక్క గుర్తొస్తుంది. అరవైల చివర్లో శ్రీకాకుళం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె నాకు సూపర్‌వైజరు. విశాఖపట్నానికి తరచు ఒకటే లైను పలికేది. కాల్ బుక్ చేసినవాళ్ల చీటీలు మేకుకు గుచ్చి, వంతులవారీగా కలిపేవాళ్లం. ఎంత పెద్దమనిషి వచ్చి కసిరినా ఆమె చీటీ కదిపేది కాదు. మొండిఘటం అని అందరూ తిట్టుకునేవారు. నేనూ తిట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం విశాఖ నుంచి ఆమె తమ్ముడి టెలిగ్రాం వచ్చింది. అమ్మకు ఆఖరి ఘడియలు, నీ గొంతు వినాలంటోంది, ఇంటికి ఫోన్ చెయ్యమని. సాయంత్రం దాకా అక్క బదులు డ్యూటీకి వేరే మనిషి లేదు. మామూలు కాల్స్ కంటే ముందు కలిపే అర్జెంటు చీటీ అక్క తన చేత్తోనే రాసి గుచ్చింది. ముందు ఇంకో రెండు అర్జెంటు చీటీలున్నాయి. ఆమెది మూడోది.

మొదటాయన త్వరగానే ముగించాడు. రెండో ఆయన బెల్లం వ్యాపారి. మూడు నిమిషాలయ్యాక ఇంకో మూడు పొడిగించమన్నాడు, ఆ తర్వాత మరో మూడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ప్లగ్గు లాగీమంటావా అక్కా? బెల్లం బేరమే. లైన్లో నేను ఇన్నాను."

"ఒద్దే పాపా. మనకది బెల్లం. ఆడికేటో మనకేటి తెలుసు?"

"అక్కడ మీ అమ్మ కదక్కా."

"అందుకే ఒద్దంటన్నాను. మాయమ్మ కోసం లాగీస్తే, రేపు ఎవుల్ని ఆగమనగల్ను?"

ఆమె వంతు వచ్చేసరికి అవతల తమ్ముడు ఏడుస్తున్నాడు. "ఇప్పుడేనక్కా" అన్నాడు. అక్క తన చీటీని మేకు నుంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత నాలుగో చీటీ తీసి, "విశాఖపట్నం వచ్చింది, మాట్లాడండి" అంది. నాకు జాలి కంటే ముందు ఆమె మీద కోపమే వచ్చింది.

మరుసటి ఏడు నా కొడుకుని విశాఖ ఆస్పత్రిలో చేర్చారు. అక్క సెలవులో ఉంది. బోర్డు దగ్గర నేనొక్కదాన్నే. వంతు వచ్చిన చీటీ పక్కన పెట్టి నా కాల్ ముందు కలిపేసుకున్నాను. పిల్లాడికి గండం గడిచిందని విని మనసు కుదుటపడ్డాక, అరగంట ఆలస్యంగా ఆ చీటీవాళ్లను పిలిచాను. పాతపట్నం నుంచి ఎవరో పెద్దాయన.

"ఇంకక్కర్లేదమ్మా. రద్దు సేసీ" అన్నాడు.

ఎందుకని అడక్కుండానే చీటీ మీద రద్దు అని రాసేశాను.

సుభద్రక్కకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె పోయాక చెప్పే వీలూ లేకపోయింది. ఆమె చేసింది న్యాయమో మూర్ఖత్వమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఎక్కడైనా వరసలో నిలబడినప్పుడు, "పెద్దవారు, ముందు మీరు వెళ్లండి" అని ఎవరైనా అంటే మాత్రం నా కాళ్లు కదలవు. పాతపట్నంలో ఆ పెద్దాయన ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపిస్తుంది.