బావ క్రేన్ దిగిన రోజు

మొన్న మంగళవారం పొద్దున్న అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎల్లిపోనాడు తమ్ముడూ" అని ఒక్కమాట అని, ఫోన్ పక్కవాళ్ళ చేతికిచ్చేసింది. గుండెపోటట. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఒరిగిపోయాడట.

మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను ఏలూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ని, ఆయన ఇక్కడి సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టినవాడు. ఉక్కునగరంలో పక్కపక్క క్వార్టర్లు. ఆయన నన్ను "బావా" అన్నాడు, నేనూ "బావా" అన్నాను. ఆయన భార్య నాకు అక్క అయిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీలో ఆయన క్రేన్ ఆపరేటరు. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున, పట్టాల మీద నడిచే క్రేన్‌కి వేలాడే చిన్న గది. అందులో రెండు చేతుల్లో రెండు లీవర్లు పట్టుకుని ఆయన ఉండేవాడు. కింద నేను. బరువుకి గొలుసులు తగిలించి చేత్తో సైగ చేస్తే ఆయన ఎత్తేవాడు. టన్నుల ఇనుము నా భుజం పక్కనుంచి లేచి వెళ్ళేది. ఏనాడూ ఊగింది లేదు. "కిందున్న మనిసి కనబడకపోతే లీవరు ముట్టుకోను బావా" అనేవాడు. ఆ మాట మీదే నేను నిశ్చింతగా ఇంటికి వెళ్ళి అన్నం తినేవాణ్ని.

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం, డ్యూటీ దిగి సెక్టారు మార్కెట్లో టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. బావ ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి కబుర్లు చెబుతున్నాడు. ఉన్నట్టుండి కమురు వాసన. టీ బడ్డీ అతను "సెయ్యి! సెయ్యి!" అని అరిచాడు. బావ చిటికెనవేలి వైపు అరచేతి అంచు పొయ్యి ఇనుప చట్రానికి ఆని ఉంది. ఆయన తాపీగా చెయ్యి తీసి, ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు. చర్మం ఊడిపోయింది. ముఖంలో నొప్పి లేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"సిటికినేలు, దాని పక్కేలు తిమ్మిరెక్కి ఆర్నెల్లవుతాది. ఇప్పుడు సిటికినేలికి తిమ్మిరి కూడా నేదు. ఏటీ నేదు."

నాకు కోపం వచ్చింది. "ఆరు నెలలుగా నేను ఎవరి చేతి కింద నిలబడుతున్నాను బావా?" అని గట్టిగానే అడిగాను. టీ బడ్డీ అతను చన్నీళ్ళు పోస్తుంటే బావ చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆయన్ని దేవుణ్ని చెయ్యాలని ఇది రాయడం లేదు. రేపటికి తగ్గుతుంది, ఎల్లుండికి తగ్గుతుంది అనుకుంటూ ఆరు నెలలు దాచాడు. నేనేం తక్కువ తినలేదు. కోపం చల్లారాక, దార్లో నడుస్తూ, "రేపటినుంచి సెలవు పెట్టు. డాక్టరుకి చూపిద్దాం. చెయ్యి సంగతి ఫ్యాక్టరీలో తెలిస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. నేనెవరికీ చెప్పను, ఒట్టు" అన్నాను.

బావ ఆగిపోయాడు. "సెలవులయిపోనాక మళ్ళీ ఎక్కాలా నాను? ఏటైనా అయితే పైన నాకేటీ అవదు బావా. కిందున్నోడికే గదా."

మర్నాడు షిఫ్టు మొదలవకముందే చేతికి కట్టుతో వెళ్ళి ఇన్‌చార్జి ఎదురుగా నిలబడి "నాను ఎక్కను" అని చెప్పేశాడు. ఎనిమిదేళ్ళుగా ఎక్కిన నిచ్చెన అది. ఆ రోజు వేరే ఆపరేటరు పైకి వెళ్తుంటే, బావ కింద గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత సిటీలో, సీతమ్మధారలో నరాల డాక్టరుకి చూపించాం. సూదులు గుచ్చి, చిన్న చిన్న షాకులిచ్చి పరీక్ష చేశారు. కుర్రతనంలో పడవ మీంచి పడి బావ మోచెయ్యి విరిగిందట. ఎముక కాస్త వంకరగా అతుక్కుంది. ఆ వంకర మీదుగా వెళ్ళే నరం ఇన్నేళ్ళుగా సాగి సాగి ఇప్పుడు దెబ్బతింటోందన్నారు. ముందు మోచెయ్యి వంచకుండా పట్టీ, బిళ్ళలు. మూడు నెలలు చూద్దామన్నారు.

ఆ మూడు నెలలూ తగ్గుతుందనుకుంటూ గడిపాం. తగ్గలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే కండ కరిగి గుంట పడింది. చొక్కా గుండీ అక్క పెట్టేది. రెండో పరీక్ష మొదటిదానికంటే అధ్వాన్నంగా వచ్చింది. నరాన్ని మోచేతి వెనకనుంచి ముందుకు జరిపే ఆపరేషన్ చెయ్యాలని, సోమవారం చేస్తానని, శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పమని సర్జను గారు అన్నారు.

ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తిన్నట్టు లేదు. ఊర్నుంచి బావ అన్నయ్య వచ్చాడు. "నరం మీద కత్తెట్టినాక సెయ్యి లెగిసినోణ్ని నాను సూళ్ళేదు. పసరు కట్టు కట్టిద్దాం, నా మాటిను" అన్నాడు. అక్క గుమ్మంలో కూర్చుని, "మూడు వేళ్ళు పన్జేత్తన్నాయి గదా. కోసీసినాక అవీ పోతే ఏటి సేత్తావు?" అంది. అందరూ నావైపు చూశారు, చదువుకున్నవాణ్నని. చేయించుకోమంటే, అది వికటిస్తే, జన్మంతా ఆ గుమ్మం ముందునుంచి ఎలా నడిచి వెళ్ళను? వద్దంటే, ఉన్నది కూడా పోతే?

సాయంత్రాలు బావ నన్ను పిలిచి కళ్ళు మూసుకునేవాడు. పెన్ను మూతతో నేను ఒక్కో వేలూ తాకాలి, ఆయన ఏ వేలో చెప్పాలి. మంగళవారం ఉంగరంవేలు ఒక పక్క తెలిసింది. గురువారం ఆ వేలికే మూత ఆనించి నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కాను, మూత అచ్చు పడేలా.

"ముట్టుకోవేటి బావా?" అన్నాడు.

కళ్ళు తెరిచి చూసుకున్నాడు. నా చేతిలో మూత ఆయన వేలి మీదే ఉంది. "అదీ ఎల్లిపోతంది" అన్నాడు నెమ్మదిగా.

శుక్రవారం సర్జను గారు ఏదీ దాచలేదు. "చెయ్యి మునపటిలా వస్తుందని నేను చెప్పలేను. ఉన్నది పోకుండా ఆపడానికే ఇది. కొంత వెనక్కి వస్తే మన అదృష్టం. వికటించే అవకాశం తక్కువే గానీ, లేదనను."

"ఇంకో మూడు నెల్లు ఆగితే?" అన్నాడు బావ.

"అప్పుడు కాపాడటానికి ఇంత మిగలదు."

బావ అక్కవైపు తిరిగాడు. "విన్నావు గదా. నీకు బయ్యమే, నాకూ బయ్యమే. ఆగినా బయ్యమే మరి." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఆయన కుడిచేత్తో సంతకం చేశాడు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. నెలలు గడిచినా ఏ మార్పూ లేదు. బావ అన్నయ్య ఊర్నుంచి వచ్చి కనపడ్డప్పుడల్లా నేను పక్క వీధిలోకి తిరిగేవాణ్ని. అయిదో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బావ బనీనుతో వచ్చి మా తలుపు బాదాడు. "సీమలు బావా, సీమలు! పక్కేల్లో సీమలు పాకతన్నాయి!" ఇద్దరం వరండాలో నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. లోపల్నుంచి మా ఆవిడ ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చింది.

పూర్తిగా రాలేదు. ఉంగరంవేలికి స్పర్శ వచ్చింది, పట్టు చాలావరకు వచ్చింది. చిటికెనవేలు మాత్రం వంగిపోయి, పట్టు లేకుండా ఉండిపోయింది. మళ్ళీ క్రేన్ ఎక్కనివ్వలేదు. అది ఆయనకి తగ్గని దెబ్బే. ఏడాదిపాటు ఫ్యాక్టరీలో క్రేన్ల వైపు తలెత్తి చూడలేదు. తర్వాత కొత్త ఆపరేటర్లకి పని నేర్పే బాధ్యత ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే చేశాడు. పాఠం ఎక్కడ మొదలెట్టినా చివరికి ఒకచోటికే వచ్చేవాడు: "బాగోకపోతే దిగీండి. దిగడం సిగ్గు గాదు."

మొన్న మంగళవారం శ్మశానంలో, ఆయన దగ్గర నేర్చుకున్న ఒక ఆపరేటరు నా పక్కనే నిలబడ్డాడు. ఒకరోజు కళ్ళు తిరిగి క్రేన్ దిగిపోయాడట. తోటివాళ్ళు నవ్వారట. బావ మాత్రం టీ తాగిస్తూ పక్కన కూర్చున్నాడట.

కిందటి నెలలో ఇద్దరం కూర్మన్నపాలెంలో బస్సెక్కాం. సీట్లు లేవు. బావ ఎడమచేత్తో పైన కమ్మీ పట్టుకున్నాడు. మలుపులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేసేసరికి నేను ముందుకు తూలి ఆయన మీద పడ్డాను. ఆయన కదల్లేదు. కుడిచేత్తో నన్ను నిలబెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. తలెత్తి చూశాను. కమ్మీ చుట్టూ నాలుగు వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. చిటికెనవేలు ఒక్కటే వాటికి ఎడంగా, దేన్నీ పట్టుకోకుండా, బస్సు కుదుపుకి చిన్నగా ఊగుతోంది.